పూర్వపక్షము లేని లెక్క



2024 సెప్టెంబరు తొలి దినములలో ప్రకాశం బ్యారేజీ 70 గేట్లను ఎత్తివేసి, 11.4 లక్షల క్యూసెక్కుల కృష్ణను దిగువకు వదలవలసి వచ్చిన పిమ్మట, బెజవాడ వీథులలోను, దివిసీమ కరకట్టల వెంబడిని, పత్రికల పుటలలోను రెండు మాటలు వినవచ్చినవి. ఇది శతాబ్దమున కొకమారు రాదగిన వరద, మన కాలమున మరల చూడబోము అని ఒక పక్షము. అంతకు ముందటి ఘనమైన వరద 2009 అక్టోబరుది, సుమారు 11 లక్షల క్యూసెక్కులు. దానికి పూర్వపుది 1903 నాటిది, సుమారు 10.6 లక్షలు, ఆ రెంటికిని నడుమ 106 ఏండ్ల యెడముండగా, పదునైదేండ్లయిన నిండకమునుపే మూడవది వచ్చిపడినదన్నచో నది నడవడియే మారినదని వేరుగ చెప్పవలెనా అని రెండవ పక్షము. ఉభయులును అంకెలనే చూపిరి. ఉభయులును తమ అంకెలు తమ మాటను ఋజువు చేసినవనియే తలచిరి. వారిలో ఎవరి మాట నిజమో తేల్చుట కంటె, అంకెలు ఒక మాటను ఋజువు చేయుట యనగా ఏమియో, ఆ పని అవి ఎంతవరకు చేయగలవో కొంత తీరికగా ఆలోచించుట యీ ప్రసంగమునకు ఉద్దేశము.

మన పూర్వులు శాస్త్రచర్చలో సిద్ధాంతము చెప్పబోవుటకు ముందు పూర్వపక్షమును నిలువబెట్టెడివారు. అదియును ఖండించుటకు వీలుగా నీరసముగ గాక, ప్రతివాది స్వయముగా వచ్చి చెప్పిననంత బలముగ చెప్పవలెనని నియమము. గణాంకశాస్త్రము ఇరువదవ శతాబ్దమున గడించిన వివేకములో పెద్దభాగ మిదియేయని నా యభిప్రాయము. ప్రకృతి ఇట్లు పనిచేయుచున్నదని మన మూహించి, ఆ యూహను లెక్కకు అందునట్లు వ్రాసికొనిన రూపమును శాస్త్రజ్ఞులు నమూనా యందురు. ఏ సంఖ్యయు, ఎంతటి పెద్ద సంఖ్యయైనను, ఒంటరిగ నిలిచిన నమూనాను సమర్థింపజాలదు. ప్రక్కన రెండవ నమూనా నిలిచియున్నప్పుడు మాత్రమే, ఈ రెంటిలో దేనివైపు ఎంత మ్రొగ్గుచున్నదో చెప్పగలదు.

ఇందుకు వరదల చరిత్రలోనే చక్కని యుదాహరణ మొకటి యున్నది. 1926లో ఒరిస్సాలోని బ్రాహ్మణీ నదికి మహాప్రవాహము వచ్చినది. నదీగర్భము మెరక వేసినదనియు, అందుచేత గట్లను కొన్ని యడుగులు ఎత్తుచేయుటయే తరణోపాయమనియు ఇంజనీర్లు నిశ్చయించిరి. ఆ సమస్య కలకత్తాలో గణాంకశాస్త్రజ్ఞులైన ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారి కడకు వచ్చినది. మెరకవేసిన గర్భము, ఎగువన కురిసిన అధికవర్షము అను రెండు కారణములలో ఏదైనను ఆ యేటి వరదకు చాలును. గట్టు పొరలిన నీటిని చూచి ఎంతటి నిపుణుడును ఈ రెంటిలో ఒకదానిని ఏరలేడు. అయితే అవి రెండును విడివడు తావు ఒకటి కలదు. గర్భమే మెరకవేసియున్నచో, వెనుకటి యేండ్లలో ఎంత వాన కురిసినదో అంతే కురిసిన యిటీవలి యేండ్లలో నీటిమట్టము పూర్వముకంటె పైకి రావలెను; వానయే కారణమైనచో, వాన సమానమైన యేండ్లలో మట్టమును సమానముగనే యుండవలెను. ఆయన సుమారు 60 ఏండ్ల లెక్కలను తిరుగవేసి, నదీగర్భము మెరకవేయలేదనియు, పరీవాహప్రదేశమున కురిసిన అధికవర్షమే కారణమనియు తేల్చి, గట్లెత్తుటకు మారుగ ఎగువను జలాశయములు కట్టవలసినదని సూచించెను. ఇంజనీర్లవద్ద అంకెలు లేకపోలేదు. వారు తమ యూహకు అనుకూలించు అంకెలను మాత్రమే అడిగిరి, ఆయన రెండూహలకును తగవు వచ్చు చోటి అంకెలను అడిగెను. భేదమంతయు అక్కడనే యున్నది.

ఆ మహలనోబిస్ గారి గణాంకశాస్త్ర సంస్థలో 1941 జనవరి 1వ తేదీన చేరిన యువకునితో మన కృష్ణామండలమునకు కొంత చుట్టరికము కలదు. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, లోకమున సి. ఆర్. రావు అను పేర ప్రసిద్ధులు, 1920 సెప్టెంబరు 10న నాటి బళ్లారి మండలములోని హూవిన హడగలిలో జన్మించిరి. తలిదండ్రులకు ఎనిమిదవ సంతానము గావున దేవకీ అష్టమగర్భుని పేరు పెట్టిరట. తండ్రి పోలీసుశాఖ ఉద్యోగి యగుటచే ఊరూరను చదువు సాగినది. గూడూరు, నూజివీడు, నందిగామ బడులు గడచి, విశాఖపట్టణము చేరి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమున ప్రథమస్థానము పొందిరి. సుడాను దేశపు జెబెల్ మోయా త్రవ్వకములలో దొరకిన ప్రాచీనుల అస్థికల కొలతలను పరిశీలించుటకై 1946లో కేంబ్రిడ్జికి పోయి, అక్కడ ఆర్. ఏ. ఫిషర్ గారికి శిష్యులై, 1948లో ఒక వ్యాసము ప్రకటించిరి.  నమూనాలను పోల్చి చూచువారికి ఆ వ్యాసము నేటికిని నిత్యోపయోగమైన సాధనము.

అందలి భావమును చెప్పుటకు మున్ను ఒక మెట్టు ఎక్కవలెను. ఫలాని నమూనా నిజమైనచో, మన చేతిలోనున్న యీ లెక్కలే వచ్చుటకు ఎంత యవకాశము కలదో గుణించి చూచుట యొకటి కలదు. ఫిషర్ గారు దానికి లైక్లీహుడ్ అని పేరిడిరి. రెండు నమూనాలకును ఈ యవకాశములను గుణించి, ఒకదానిని రెండవదానిచే భాగించినచో వచ్చు నిష్పత్తియే గణాంకసాక్ష్యము యొక్క బరువు. అయితే ఒక సరళమైన నమూనాను, దానినే విస్తరించి మరికొన్ని అంశములు చేర్చిన పెద్ద నమూనాతో పోల్చవలెనన్నచో, ఆ పెద్దదానిని గూడ లెక్కలకు పూర్తిగా సరిపుచ్చవలసివచ్చును. చేతితో త్రిప్పెడు గణనయంత్రముల కాలమున అది దినముల తరబడి పని. రావుగారు చూపిన దారి యేమనగా, సరళమైన నమూనా దగ్గరనే నిలిచి, అక్కడ ఆ యవకాశము ఎటు, ఎంత నిటారుగ పెరుగుచున్నదో కొలిచిన చాలును. మంచు కమ్మిన వేకువ ఇంద్రకీలాద్రిపై నిలిచినవాడు శిఖరము కానరాకున్నను, కాలిక్రింది వాలును బట్టి తాను పైకి చేరితినో, ఎక్కవలసినది ఇంకను మిగిలియున్నదో తెలిసికొనగలడు గదా, ఇదియు నట్టిదే. నేల చదునుగ నున్నచో సరళమైన నమూనాతో తృప్తిపడవచ్చును; నిటారుగ నున్నచో ఏదో విడిచిపెట్టితిమని యర్థము. స్కోరు పరీక్ష యనబడు ఈ పద్ధతిని కొంతకాలమునకు అర్థశాస్త్రజ్ఞులు లాగ్రాంజ్ గుణకపరీక్ష యను వేరొక పేరుతో విరివిగా వాడజొచ్చిరి. రావుగారు 2023లో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారము పొందిన యేటనే, 102 ఏండ్ల వయసున దివంగతులైరి.

నమూనాలను ఇట్లు అవకాశములచే పోల్చు పద్ధతికి ఒక చిక్కు పుట్టుకతోడనే యున్నది. అంశములు పెంచుకొన్నకొలది ఏ నమూనాయైనను గడచిన లెక్కలకు మరింత చక్కగ సరిపోవును; సరిపోకుండుటకు వీలే లేదు. వెనుకటి వానలన్నిటికిని జాతకము సరిగ కుదిర్చి చూపెడు జ్యోతిష్కుడు రాబోవు కార్తెను గూర్చి అడిగినప్పుడు తడబడుట మన గ్రామములలో ఎరుగని సంగతి కాదు. భారత వాతావరణశాఖకు 1904 మొదలు 1924 వరకు అధిపతిగ నున్న గిల్బర్ట్ వాకర్, అనేక సహసంబంధములను వెదకి వానిలో ఎల్ల మెరుగైనదానిని ఎన్నుకొనువాడు మోసపోవునని 1914లోనే హెచ్చరించి, ఎన్ని వెదకితిమో లెక్కలోనికి తీసికొనుటకు ఒక కొలమానమును గూడ ఇచ్చెను. అయినను హెచ్చరిక లుండును, అనుభవములును తప్పవు. 1988 మొదలు మన వాతావరణశాఖ 16 అంశములతో కూర్చిన నమూనా నొకదానిని ఋతుపవనముల అంచనాకు ఉపయోగించినది. అది పెక్కేండ్లు మన్ననకు పాత్రమైనది. 2002లో దీర్ఘకాలపు సగటులో 101 శాతము వర్షము కురియునని చెప్పగా, కురిసినది 81 శాతము. మరుసటి యేటనే ఆ శాఖ 8 అంశములతో ఒకటి, 10 అంశములతో ఒకటి క్రొత్త నమూనాలను తెచ్చినది. వాతావరణశాఖవారిని తప్పుపట్టుటకు ఇది చెప్పుట లేదు; తమ అంచనాను ముందుగా అచ్చువేసి ప్రకటించి, తప్పినప్పుడు నమూనాను మార్చిన సంస్థలు మన దేశమున ఎన్ని యున్నవని నేనే అడుగుదును.

జపాను దేశీయుడు హిరొతుగు అకాయికె 1973లో ఈ చిక్కునకు ఒక ధర కట్టెను. నమూనాకు చేర్చిన ప్రతి క్రొత్త అంశమునకును, అది తెచ్చిన అవకాశపు పెంపును ఇంచుమించు 2.7చే భాగింపవలెనని దాని సారము. 1978లో ష్వార్ట్స్ అనునాయన, లెక్కలు ఎక్కువ యున్నకొలది ఆ ధర పెరుగవలెననెను. రావుగారే 1989లో యూహువా వూ గారితో కలసి మరియొక తూనికను ప్రతిపాదించిరి. ఏది సరియైన ధర యను వాదము నేటికిని తెగలేదు. ధర చెల్లింపక తప్పదనుటలో మాత్రము భేదాభిప్రాయము లేదు.

ఇంతవరకు సమకూర్చుకొన్న సామగ్రితో ఇక మన కృష్ణకడకు వత్తము. 1903 మొదలు 2024 వరకు 122 ఏండ్లు, 10.6 లక్షల క్యూసెక్కులను తాకిన లేదా మించిన వరదలు మూడు. మొదటి నమూనా ప్రకారము నది మారలేదు. ఏటేట 122 పాళ్లలో 3 పాళ్ల అవకాశము, అనగా సుమారు 40 ఏండ్ల కొకటి. రెండవ నమూనా ప్రకారము 2009 దగ్గర నడవడి మారినది. అంతకు ముందు 106 ఏండ్లలో ఒకటి, ఆ పిమ్మట 16 ఏండ్లలో రెండు, అనగా ఎనిమిదేండ్ల కొకటి. గుణించి చూడగా, ఈ లెక్కలు వచ్చుటకు రెండవ నమూనా ఇచ్చు అవకాశము మొదటిదానికంటె సుమారు 11 రెట్లు అధికము. పదకొండు రెట్లు! పత్రికలో పతాకశీర్షికకు చాలినంత సంఖ్య. అయితే రెండవ పక్షమువారు ఒక అంశమునకు బదులు మూడింటిని వాడుకొనిరి: మునుపటి వేగము, తరువాతి వేగము, మార్పు వచ్చిన సంవత్సరము. అదనపు రెండు అంశములకు అకాయికె ధర చెల్లించినచో 11 రెట్లు కాస్త ఒకటిన్నర రెట్లకు దిగిపోవును. మఱియు 2009ని ఎన్నుకొనినది ఎవరు? వరద వచ్చినదని తెలిసిన పిమ్మట మనమే. అంకెలను చూడకమునుపే ఎన్నుకొనదగిన గీత యొకటి మనకు సిద్ధముగ నున్నది. 1855 నాటి ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానమున ప్రకాశం బ్యారేజీ పూర్తియైన 1957. అక్కడ గీత గీచినచో ముందటి 54 ఏండ్లలో ఒకటి, తరువాతి 68 ఏండ్లలో రెండు. రెండవ నమూనాకు మిగులు ఆధిక్యము నూటికి ఎనిమిది పాళ్లు మాత్రమే. ధర కట్టకమునుపే అది యించుమించు సున్న.

ఇంకొక కోణమున చూతము. మూడు సంఘటనలు 122 ఏండ్ల నిడివిలో ఏ నియమమును లేక యాదృచ్ఛికముగ పడినవనుకొనినచో, వానిలో ఏవేని రెండు పదునైదేండ్ల లోపల కలసి వచ్చుటకు అవకాశ మెంత? వినువారికి నమ్మశక్యము కాదేమో గాని, అది సగముకంటె ఎక్కువ, సుమారు 57 శాతము. యాదృచ్ఛికమైనవి సమానమైన యెడములతో వచ్చునని మనసు కోరును. అవి గుంపులుగ వచ్చుటయే సహజము. లెక్కను 1903తోనే, అనగా ఒక వరద యేటితోనే ప్రారంభించుట గూడ కొంత పక్షపాతమేయని సూక్ష్మగ్రాహులు ఆక్షేపింతురు. ఆ యాక్షేపణ న్యాయమైనదే. అది త్రాసును ఇటునటు కొంచెము కదల్చునే గాని తారుమారు చేయదు.

కావున నది మారలేదని తేలినదా? తేలలేదు. మొదటి పక్షమువారు సంతోషించుటకు ఇందేమియు లేదు. 1903లో కృష్ణకు ఎగువన శ్రీశైలము లేదు, నాగార్జునసాగరము లేదు, పులిచింతల లేదు. 2009లో కర్నూలు, రాయచూరు ప్రాంతముల కురిసిన కుంభవృష్టికి శ్రీశైలమునకు వచ్చిన ప్రవాహము, దాని నిర్మాణసమయమున ఊహించిన 19 లక్షల క్యూసెక్కులను ఎంతగనో మించినది. జలాశయములు కొంత పట్టి, కొంత నిదానించి వదలుటచేతనే బెజవాడకు 11 లక్షలతో సరిపోయినది. 2024లోనో, సాగరమునుండి దిగివచ్చిన నీటికి తోడు, మున్నేరు మొదలగు దిగువ ఉపనదులు ఒక్క రెండు దినముల వానకు పొంగివచ్చి కలసినవి. నగరమున అజిత్‌సింగ్‌నగర్ మునిగినది కృష్ణ పొరలి గాదు, బుడమేరు వాగునకు గండ్లు పడి. ఒక్క కొలబద్దమీద మూడు గీతలుగ కనిపించు ఈ మూడును మూడు వేర్వేరు పుట్టుకలు గలవి. ఎగువనుండి వచ్చు వరద యొక జాతి, దిగువ వాగుల వరద యొక జాతియని రెండు ప్రవాహముల మిశ్రమముగ వ్రాసిన మూడవ నమూనాయే భౌతికముగ సత్యమునకు చేరువయని నాకు తోచుచున్నది. కాని దానికి అంశములు మరింత యెక్కువ; మూడు వరదలు ఆ ధర చెల్లింపజాలవు. పెద్ద వరదలను మాత్రమే గాక ప్రతి సంవత్సరపు గరిష్ఠ ప్రవాహమును, ప్రతి ఉపనదిలోని మట్టమును పట్టికకెక్కించినచో చెల్లింపవచ్చును.

ఇంజనీర్లు చేయునదియు అదియే. ఏటేటి గరిష్ఠములను పేర్చి, 1941లో గుంబెల్ వరదలకు అన్వయించి చూపిన విభాజనమునో, 1967 మొదలు అమెరికా ప్రభుత్వము ఆదరించిన లాగ్ పియర్సన్ విభాజనమునో వానికి సరిపుచ్చి, నూరేండ్ల వరద యింత యని చెప్పుదురు. మొదటిది రెండంశములది, రెండవది మూడంశములది. సామాన్యముగ వచ్చు వరదలకడ ఈ రెండు వక్రరేఖలును దాదాపు ఒకదానిపై నొకటి పరుండును. ఎన్నడో గాని రాని మహాప్రవాహముల వైపునకు పోగా పోగా విడిపోవును. దురదృష్టమేమనగా కరకట్ట ఎత్తు నిర్ణయింపవలసినది అవి రెండును విడిపోయిన చోటనే, లెక్కలు ఎక్కువగ నున్నది అవి రెండును కలసియున్న చోట. అందుచేత సాక్ష్యము రెంటిని సమానముగ తూచినను, కట్టవలసిన మట్టి సమానముగ నుండదు. ఒక్క విభాజనమును మాత్రమే వాడి ఒక్క అంకెను మాత్రమే చూపు నివేదిక నా దృష్టిలో సగము నివేదిక. ఓడిపోయిన నమూనా ఎంత దూరమున ఓడినదో, అది చెప్పిన ఎత్తు ఎంతయో ప్రక్కనే అచ్చువేయవలెను. నూరేండ్ల వరదయన్న మాట గూడ జనులను మభ్యపెట్టుచున్నది. ఏటేట నూటికొక పాలు అవకాశముగల వరద, ఒక గృహస్థు ఇల్లు కట్టుకొని అందు కాపురముండు ముప్పదేండ్లలో ఒక్కసారియైన వచ్చుటకు 26 శాతము అవకాశమున్నదని చెప్పినచో, లంకగ్రామములవారికి విషయము మరింత సూటిగ బోధపడును.

మొదట చెప్పిన ఆ యిరుపక్షములవారిని, ఎవరును తప్పించుకొన వీలులేని చోట నిలువబెట్టుటకు ఒకటే మార్గము కలదు. రాబోవు ఇరువదేండ్లను గూర్చి తమ తమ నమూనాలు ఏమి చెప్పుచున్నవో నేడే వ్రాసియిమ్మని అడుగవలెను. 2044 వరకు 10.6 లక్షల క్యూసెక్కుల వరద ఒక్కటియు రాకుండుటకు మొదటి నమూనా ఇచ్చు అవకాశము 61 శాతము. రెండవది ఇచ్చునది 7 శాతము. కావున ఒక్కటియు రాకపోయినచో సాక్ష్యము దాదాపు తొమ్మిది రెట్లు మొదటి పక్షమువైపు మ్రొగ్గును. రెండు వచ్చినచో మూడున్నర రెట్లకు పైగా రెండవ పక్షమువైపు. ఇక ఒకే ఒక్క వరద వచ్చినదనుకొందము. చూచితిరా, మేము చెప్పలేదాయని రెండవ పక్షమువారు బ్యారేజీమీద నిలిచి పలుకుట నిశ్చయము. గుణించి చూడగా, ఆ యొక్క వరదయు మొదటి పక్షమువారికే ఒకటిన్నర రెట్లు అనుకూలమైన సాక్ష్యము.